పండు మెత్తబడటం: గోడ లోపల జరిగే పని

అనంతపురంలో పండ్ల రైతులు, డిగ్రీ విద్యార్థులు కలిసి విన్న ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

వెనక వరసకు వినపడుతోందా? సరే. ఆ బుట్టలో టమోటాలు ఉన్నాయి. పచ్చివి, దోరవి, బాగా మాగినవి. ఒక్కొక్కటి తీసుకుని బొటనవేలితో నొక్కి పక్కవాళ్లకు ఇవ్వండి. నెమ్మదిగా నొక్కండప్పా, చివరి వరసకు చేరేసరికి చట్నీ అయిపోతుంది.

ఇప్పుడు చెప్పండి. పచ్చి టమోటా వేలికి లొంగలేదు, మాగింది లొంగింది. ఎందుకు? నీళ్లు ఎక్కువయ్యాయా? కాలేదు. పచ్చిదాంట్లోనూ మాగినదాంట్లోనూ నూటికి 90 పాళ్లకు పైన నీళ్లే. చక్కెర పెరిగిందా? కొంచెం పెరిగింది. కానీ చక్కెర పెరిగితే మెత్తబడాలని ఏముంది? టమోటా కంటే చెరుకులో ఎన్నో రెట్లు చక్కెర ఉంది, కొరికి చూడండి, పళ్లు కదులుతాయి. మారింది గోడ. కాయలో ప్రతి కణం చుట్టూ ఉండే గోడ.

మొదటే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత ఎన్ని చెప్పినా దాని చుట్టూనే తిరుగుతాను. ఎండకు వడలి కాయ మెత్తబడుతుంది. లారీలో దెబ్బ తగిలి మెత్తబడుతుంది. బూజు పట్టి మెత్తబడుతుంది. ఇవన్నీ కాయకు బయటి నుంచి వచ్చినవి. మాగడంలో వచ్చే మెత్తదనం వేరు. అది కాయ చేసుకునే పని. తాను కట్టుకున్న గోడను తానే విప్పుకుంటుంది. దానికి ఊపిరి కావాలి, శక్తి కావాలి, సరైన వేడి కావాలి, టైము కావాలి. ఇది మనసులో పెట్టుకుంటే మండీలో జరిగేవి, కోల్డ్ స్టోరేజీలో జరిగేవి, మీ ఇంట్లో గడ్డిలో మామిడికాయలు వేసినప్పుడు జరిగేవి, అన్నీ ఒక దారిలోకి వస్తాయి.

గోడ అంటున్నాను కదా, ఎలాంటి గోడ? మన పల్లెల్లో పాత కొట్టాలు చూసే ఉంటారు. కందికట్టె నిలబెడతారు, నారతో అల్లి బిగిస్తారు, పైన మట్టి మెత్తుతారు. కణం గోడ కట్టుబడి అచ్చం అదే. కందికట్టె స్థానంలో సెల్యులోజ్ పోగులు. అవి గట్టివి, పొడుగువి. నార స్థానంలో హెమిసెల్యులోజులు, వాటిలో టమోటా లాంటి కాయల్లో ముఖ్యమైనది జైలోగ్లూకాన్. అది పోగుకు పోగును పట్టి ఉంచుతుంది. మట్టి స్థానంలో పెక్టిన్. పోగుల సందుల్లో నిండి ఉండేది అదే. రెండు కణాల గోడలు ఆనుకున్న చోట, ఒకదాన్ని ఒకటి అంటించి ఉంచే సన్నటి పొర కూడా దాదాపు అంతా పెక్టినే. ఇంత కట్టుబడి ఉన్న గోడ మందం ఎంతనుకుంటున్నారు? మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంతకంటే తక్కువ కూడా.

పెక్టిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, కథంతా దాంట్లోనే ఉంది. గాలక్టురోనిక్ ఆమ్లం అనే చిన్న ముక్కలు వందల కొద్దీ వరసగా కలిసిన గొలుసు అది. కాయ దాన్ని కొత్తగా చేసినప్పుడు ఆ ముక్కల్లో చాలావాటి మీద మిథైల్ గుంపు అనే చిన్న తొడుగు ఉంటుంది. తొడుగు తీసేస్తే ఆ చోట రుణ విద్యుదావేశం మిగులుతుంది. రెండు గొలుసులు పక్కపక్కన ఉండి, రెంటికీ తొడుగులు లేకపోతే, మధ్యలోకి కాల్షియం వచ్చి రెంటినీ పట్టుకుంటుంది. కాల్షియం పట్టుకుంది అంటే గట్టిదనం వచ్చింది అన్నమాట.

నమ్మకం లేదా? ఇక్కడున్న అమ్మల్ని అడుగుతాను. మన బోరునీళ్లలో కందిపప్పు ఉడుకుతుందా? ఉడకదు. గ్యాసు అయిపోవాల్సిందే కానీ పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. అదే వాననీళ్లలో వేస్తే తొందరగా మెత్తబడుతుంది. బోరునీళ్లలో కాల్షియం ఎక్కువ. అది పప్పులోని పెక్టిన్‌ను పట్టేస్తుంది, కణాలు విడిపోనివ్వదు. ఇంకొకటి. పప్పు ఉడక్కముందే చింతపండు వేస్తే ఏమవుతుంది? ఎవరో అన్నారు, గట్టిగా చెప్పమ్మా. అవును, ఇక ఉడకదు. వేడికి పెక్టిన్ గొలుసు తెగుతుంది, కానీ పులుపు ఉంటే ఆ తెగడం నెమ్మదిస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే వేగం పెరుగుతుంది. మీరు రోజూ చేసేది కణం గోడల రసాయన శాస్త్రమే, ఎవరూ మీకు డిగ్రీ ఇవ్వలేదు, అంతే. పేఠా చేసేవాళ్లు బూడిదగుమ్మడి ముక్కల్ని సున్నపు నీళ్లలో నానబెడతారు. పాకంలో ఎంతసేపు ఉడికినా ముక్క చెదరకుండా కరకరలాడుతుంది. సున్నం అంటే కాల్షియమే కదా.

ఇక్కడ ఒక తేడా పట్టుకోండి. అరటికాయ కూర వండితే అరటికాయ మెత్తబడుతుంది. మాగబెడితే కూడా మెత్తబడుతుంది. రెండూ ఒకటేనా? వండినప్పుడు పెక్టిన్‌ను తెంచింది మన పొయ్యి. మాగినప్పుడు తెంచింది కాయలోని ఎంజైములు, అంటే రసాయన మార్పుల్ని వేగంగా జరిపించే ప్రోటీన్లు. ఆ ఎంజైములు అంతకుముందు కాయలో లేవు, లేదా చాలా కొద్దిగా ఉన్నాయి. మాగే వేళకు కాయ కొత్తగా తయారు చేసుకుని గోడలోకి పంపిస్తుంది. కొత్త ప్రోటీన్లు తయారు కాకుండా ఆపే మందు కాయకు ఎక్కిస్తే అది మాగదు, మెత్తబడదు. అలా అని ప్రయోగాల్లో తేలింది. అందుకే మొదట అన్నాను, ఇది కాయ చేసుకునే పని అని.

పని ఎప్పుడు మొదలుపెట్టాలో కాయకు ఎవరు చెప్తారు? టమోటా, అరటి, మామిడి, బొప్పాయి, సపోటా, సీతాఫలం, వీటన్నిటికీ ఇథిలీన్ చెప్తుంది. చిన్న వాయువు. రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు, అంతే. 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే ఆయన, దీపాలు వెలిగించే గ్యాసులో ఉండే ఇథిలీన్ వల్లే ప్రయోగశాలలోని బఠాణీ మొలకలు వంకర్లు తిరుగుతున్నాయని కనిపెట్టాడు. పండ్లు తామే ఇథిలీన్ వదులుతాయని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ ఆపిల్ పండ్లతో నిరూపించాడు. ఇందులో తమాషా ఏమిటంటే, ఇథిలీన్ తగిలిన కాయ ఇంకా ఎక్కువ ఇథిలీన్ చేస్తుంది. ఒక కాయ మొదలుపెడితే బుట్టంతా అందుకుంటుంది. గడ్డి కప్పి మాగేసేది ఎందుకు? ఆ గాలి బయటికి పోకుండా.

కబురు అందాక గోడ మీద దాడి ఒక్కసారిగా జరగదు, వరసలో జరుగుతుంది. పెక్టిన్‌లో నిటారు గొలుసులే కాక, పక్కకు కొమ్మలు ఉన్న రకం కూడా ఉంది. చాలా పండ్లలో మొట్టమొదట పోయేది ఆ కొమ్మల్లోని గాలక్టోజ్. బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైము దాన్ని కత్తిరిస్తుంది. కొమ్మలు పోతే సందులు ఏర్పడతాయి, మిగతా ఎంజైములు లోపలికి దూరడానికి వీలవుతుంది. తర్వాత పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ వచ్చి ఇందాక చెప్పానే, ఆ తొడుగులు ఊడదీస్తుంది. తొడుగులు ఊడితే కాల్షియం పట్టుకుంటుంది, గట్టిపడుతుంది అన్నాను కదా, మరి మెత్తబడటం ఎలా? మంచి ప్రశ్న, నేనే అడిగినా సరే. తొడుగు ఊడిన గొలుసు కాల్షియానికి దొరుకుతుంది, కత్తెరకు కూడా దొరుకుతుంది. కత్తెరలు రెండు. ఒకటి పాలీగాలక్టురోనేజ్, దాన్ని పీజీ అందాం. రెండోది పెక్టేట్ లయేజ్. ఈ రెండూ తొడుగు లేని చోటే కోస్తాయి. ఈలోగా ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీన్ నార ముడులను వదులు చేస్తుంటుంది. ఇది చిత్రమైనది, దేన్నీ తెంచదు. పోగుకూ జైలోగ్లూకాన్‌కూ మధ్య ఉన్న పట్టును సడలిస్తుంది, అంతే. దోసకాయ మొలకల్లో దీన్ని 1992లో అమెరికాలో డేనియల్ కాస్‌గ్రోవ్ బృందం కనిపెట్టింది. మొలక పెరగడానికి గోడ సాగాలి కదా, అందుకు మొక్క వాడుకునే పనిముట్టు అది. మాగే టమోటా కూడా ఆ కుటుంబంలోదే ఇంకొకటి వాడుకుంటుంది.

సెల్యులోజ్ సంగతి? కందికట్టెను టమోటా పెద్దగా ముట్టుకోదు. అది దాదాపు అలాగే ఉంటుంది. మనం పండు తిని అరిగించుకోలేని పీచు అని పారేసుకునేదాంట్లో అది ముఖ్యమైన భాగం.

ఇంకో మార్పు, నీటిది. కణం లోపలి నీళ్లు గోడను లోపలి నుంచి తోస్తూ ఉంటాయి. ఆ బిగువు ఉంటేనే కొరికినప్పుడు కరకరమంటుంది. మాగేటప్పుడు చక్కెరలు, ఆమ్లాలు కొన్ని కణం బయటికి, గోడలోకి చేరతాయి. వాటి వెంట నీళ్లూ వస్తాయి. లోపలి బిగువు తగ్గుతుంది. గోడ మాత్రం ఆ నీటికి ఉబ్బుతుంది. మీ వేలికి తెలిసే మెత్తదనంలో దీనికీ వాటా ఉంది.

ఇప్పుడు ఒక కథ చెప్తాను. విద్యార్థులు జాగ్రత్తగా వినండి, రైతులు నవ్వుకుంటూ వినండి.

1970లు, 80ల్లో టమోటా మీద పనిచేసిన చాలామందికి ఒక గట్టి నమ్మకం. మెత్తబడటానికి కారణం పీజీ అని. ఎందుకు నమ్మారు? పచ్చి టమోటాలో పీజీ కనిపించదు. రంగు తిరగడం మొదలుకాగానే కుప్పలు తెప్పలుగా వస్తుంది. పరీక్షనాళికలో పీజీని పెక్టిన్ మీద వేస్తే పెక్టిన్ కరిగిపోతుంది. ఇంకేం కావాలి? దొంగ దొరికాడు, సాక్ష్యం ఉంది. ఇక పీజీని ఆపేస్తే టమోటా చెట్టు మీదే ఎర్రబడి, రుచి వచ్చి, అయినా గట్టిగా ఉంటుంది. లారీలో ఎంత దూరమైనా పోతుంది. వ్యాపారికి అంతకంటే కల ఏముంటుంది?

1988లో రెండు బృందాలు, ఒకటి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ వాళ్లది, ఒకటి కాలిఫోర్నియాలోని కాల్జీన్ కంపెనీది, పీజీ జన్యువును తిరగేసి టమోటాలో పెట్టారు. అలా తిరగేసి పెడితే అసలు జన్యువు పని పడిపోతుంది. పీజీ బాగా తగ్గిపోయింది. తర్వాత ఇంకా పట్టుబట్టి నూటికి ఒక పాలు దగ్గరికి దించారు. టమోటా ఏం చేసింది? మెత్తబడింది. ఎప్పటిలాగే, ఇంచుమించు అదే వేగంతో మెత్తబడింది!

అయినా కాల్జీన్ వాళ్లు ఆగలేదు. 1994 మేలో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. ఫ్లేవర్ సేవర్ అని పేరు పెట్టి అమ్మారు. జన్యుమార్పిడి చేసిన పంటల్లో మనుషులు తినడానికి అనుమతి పొంది అంగట్లోకి వచ్చిన మొదటిది అదే. పండుగా చూస్తే పచ్చి టమోటా అంత గట్టిగా లేదు, మామూలు వాటిలాగే జాగ్రత్తగా పెట్టెల్లో సర్దాల్సి వచ్చింది, ఖర్చు తడిసి మోపెడయింది. 1997 కల్లా కనిపించకుండా పోయింది. రవ్వంత లాభం మాత్రం ఉంది. పీజీ లేని టమోటాలో పెక్టిన్ గొలుసులు పొడుగ్గా మిగులుతాయి కాబట్టి గుజ్జు చిక్కగా వస్తుంది. బ్రిటన్‌లో 1996 నుంచి కొన్నేళ్లు అలాంటి టమోటా గుజ్జును డబ్బాల్లో అమ్మారు. పండు కోసం మొదలుపెట్టిన పని సాస్‌కు పనికొచ్చింది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్కొక్క ఎంజైమును ఆపి చూశారు. సెల్యులోజ్‌ను కోసే సెల్యులేజ్‌ను ఆపారు, తేడా లేదు. మిథైల్ ఎస్టరేజ్‌ను ఆపారు, మెత్తబడటం ఆగలేదు. 1999లో ఎక్స్‌పాన్సిన్‌ను తగ్గించారు, పండు కొంచెం గట్టిగా ఉంది. గాలక్టోసిడేజ్‌లో ఒక రకాన్ని తగ్గించారు, కొంచెం గట్టిగా ఉంది. అన్నీ కొంచెం, కొంచెం. 2016లో నాటింగ్‌హామ్‌లోనే గ్రాహం సీమోర్ బృందం పెక్టేట్ లయేజ్‌ను ఆపింది. అప్పుడు తేడా స్పష్టంగా తెలిసింది. రంగు వచ్చింది, రుచి మారలేదు, పండు గట్టిగా నిలబడింది. విచిత్రం చూడండి. పీజీ టమోటాలో అంత ఎక్కువగా ఉండి పెద్దగా ఏమీ చేయలేదు. పెక్టేట్ లయేజ్ చాలా కొద్దిగా ఉంటుంది, అందుకే అన్నాళ్లు దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఎక్కువ కనిపించేదే ఎక్కువ పని చేస్తుందని ఎవరు చెప్పారు? మన పంచాయతీ ఆఫీసుల్లో అయినా అంతే కదా. సరే, అది వదిలేయండి.

ఈ కథ నేను ఇంత పొడుగ్గా చెప్పడానికి కారణం ఉంది. ఫలానా మందు కొడితే కాయ మెత్తబడదు అని మీ దగ్గరికి ఎవరైనా డబ్బా పట్టుకుని వస్తే, ఏ ఎంజైమును ఆపుతుంది అని అడగండి. ఒక్కదాన్ని ఆపితే మిగతావి చూస్తూ కూర్చోవు. మన చేతిలో నిజంగా ఉండేది పని మొదలయ్యే వేళ, పని జరిగే వేగం. అంటే ఇథిలీన్, వేడి, గాలి. గోడ లోపల జరిగేదాన్ని మధ్యలో పట్టుకుని ఆపడం ఇంకా ప్రయోగశాలల పనే.

అన్ని పండ్లూ ఒకే రకంగా మెత్తబడతాయా? లేదు. టమోటా కథ అన్నిటికీ అతికించకూడదు. అరటిలో గోడతోపాటు పిండి ఉంది. పచ్చి అరటికాయ గుజ్జులో నూటికి 20 పాళ్ల దాకా పిండిపదార్థమే, పండేసరికి ఒకటో రెండో పాళ్లు మిగులుతుంది. గట్టి పిండి రేణువులు చక్కెరగా కరిగిపోతే లోపలి నుంచి కూడా దన్ను పోయినట్టే. పైగా చక్కెర పెరిగిన గుజ్జు తొక్కలోంచి నీళ్లు లాక్కుంటుంది, అందుకే పండిన అరటి తొక్క పలచబడి సులువుగా ఊడుతుంది. బొప్పాయి గింజల గూడు వైపు నుంచి మొదలుపెట్టి బయటికి మాగుతుంది. మీరు బయట ఒక పసుపు చార చూసేసరికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది. జామలో రాతికణాలు ఉంటాయి, వాటి గోడలకు లిగ్నిన్ అనే, కట్టెకు గట్టిదనం ఇచ్చే పదార్థం పట్టి ఉంటుంది. చుట్టూ గుజ్జు ఎంత మాగినా అవి మెత్తబడవు. పంటికింద ఇసకలా తగిలేది అవే.

ఆపిల్ మనది కాదు గానీ అందరూ తింటున్నారు కాబట్టి చెప్తాను. మంచి ఆపిల్ కొరికితే కణాల గోడలే పగులుతాయి, లోపలి రసం నోట్లోకి వస్తుంది. పాతబడిన ఆపిల్ పిండిపిండిగా ఎందుకుంటుంది? రసం ఎండిపోయిందనుకుంటాం. ఎండలేదు. కణాల మధ్య అంటు వదిలిపోయింది. కొరికితే కణాలు పగలకుండా ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి, రసం ఎవరి కణంలో వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. అందుకే పొడిగా అనిపిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన టమోటా రవ్వరవ్వగా తయారవడం చూశారా? పచ్చిగానో దోరగానో ఉన్నప్పుడు పెడితే చలికి దాని పని వరస తప్పుతుంది. టమోటాను పండేదాకా బయటే ఉంచండి.

ఇక మన చీనీకాయ, అదే బత్తాయి. అనంతపురంలో మాట్లాడుతూ చీనీ గురించి చెప్పకుండా పోతే నన్ను బస్సు ఎక్కనిస్తారా? చీనీ, దానిమ్మ, ద్రాక్ష, ఇవి వేరే జాతి మనుషుల్లాంటివి. మాగేటప్పుడు ఇథిలీన్ పొంగు రాదు, ఊపిరి వేగం పెరగదు. కోసే రోజుకు ఎంత తీపి ఉందో అంతే. చీనీ గుజ్జులో చక్కెరగా మారడానికి పిండి నిల్వ లేదు. కోసిన చీనీకాయను గదిలో పెట్టి ఇథిలీన్ వదిలితే తొక్కలోని పచ్చదనం పోయి పసుపు వస్తుంది. రంగు మాత్రమే వస్తుంది. పసుపు వచ్చింది కదా తీపి వచ్చిందనుకుంటే కొన్నవాడు మోసపోతాడు, రెండోసారి మీ దగ్గర కొనడు. మరి నిల్వ చీనీ చేతికి మెత్తగా తగులుతుంది కదా? అది చాలావరకు తొక్కలోంచి నీళ్లు ఆవిరై వడలడం. దానికి మందు నీడ, తేమ, పైన పలచని మైనం పూత. ఎంజైములతో దానికి పెద్ద పని లేదు.

ఇప్పుడు అరటి రైతులు వినండి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు 43 చల్లటి కంటైనర్లతో అరటి రైలు పోయింది, గుర్తుంది కదా. ఆ ఏడాదే సెప్టెంబర్లో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు మొదలైంది. అరటికాయ సముద్రం దాటి పచ్చిగానే చేరుతోందంటే ఏం చేస్తున్నారు? నిండు కాయ అయ్యాక, మాగడం మొదలు కాకముందే కోసి 13, 14 డిగ్రీల్లో ఉంచుతున్నారు. ఆ చల్లదనంలో ఊపిరి నెమ్మదిస్తుంది, ఇథిలీన్ పుట్టదు, గోడ మీద పని మొదలు కాదు. ఇంకా చల్లగా పెడితే ఇంకా మంచిది కదా అంటారేమో. వద్దు. 12 కంటే దిగితే అరటి తొక్క కమిలిపోతుంది, తర్వాత సరిగ్గా పండదు.

అక్కడ చేరాక మాగుడు గదిలో 16 నుంచి 18 డిగ్రీలు పెడతారు. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు ఇథిలీన్, ఒక రోజు. తేమ 90 పైన. తర్వాత తలుపు తీసి గాలి మారుస్తారు. ఎందుకు మార్చాలి? కాయలు ఊపిరి వదులుతాయి, బొగ్గుపులుసు వాయువు నిండిపోతుంది, అది ఎక్కువైతే ఇథిలీన్ మాట కాయకు వినపడదు. ఒకరోజు ఇథిలీన్ తగిలాక ఇక బయటి నుంచి ఇవ్వక్కర్లేదు, తనది తనే చేసుకుంటుంది.

మన ఎండలో ఏమవుతుంది? ఏప్రిల్‌లో మామూలు గదిలో జీ నైన్ రకం అరటి గెలలు మాగేశారనుకోండి. గదిలో 35 డిగ్రీలు. నాలుగు రోజులు పోయాక చూస్తే పైన పచ్చగానే ఉంటుంది, ఒలిస్తే లోపల మెత్తగా జారిపోతుంది. ఎంతమంది చూశారు? చేతులు ఎత్తండి. చూశారా, సగం మంది. దానికి ఎవరో కల్తీ మందు కొట్టారని అనుమానపడక్కర్లేదు. జీ నైన్ కావెండిష్ జాతిది. వేడి 30 దాటితే దాని తొక్కలో పచ్చదనం విరిగే పని సరిగా జరగదు, గుజ్జు మెత్తబడే పని మాత్రం ఆగదు. రెండు పనులు రెండు వేగాలతో నడుస్తాయి. వేసవిలో గది చల్లబరచకుండా జీ నైన్‌కు మంచి పసుపు రాదు.

కార్బైడ్ గురించి అడుగుతారని తెలుసు, నేనే చెప్పేస్తాను. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే అసిటిలీన్ వస్తుంది. అది ఇథిలీన్‌లా నటిస్తుంది, కాయ నమ్ముతుంది. దాంతోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు కూడా వస్తాయి. అందుకే మన దేశంలో దాంతో పండ్లు మాగబెట్టడం నిషేధం. ఇథిలీన్ వాయువుకు మాత్రం ఇందాక చెప్పిన 100 పాళ్ల దాకా అనుమతి ఉంది. ఇథిలీన్ వదిలే పొట్లాలు కాయకు తగలకుండా పెట్టుకోవచ్చు. ఎథెఫాన్ అనే, ఇథిలీన్ వదిలే మందు కలిపిన నీళ్లలో కాయల్ని ముంచడం మాత్రం కుదరదు.

కానీ నాకు కార్బైడ్ కంటే ఎక్కువ కోపం వచ్చేది లేత కాయ కోత మీద. బేనీషాను, అదే బంగినపల్లిని, మార్కెట్లో ముందు అమ్మాలని పది, పదిహేను రోజుల ముందే కోసేస్తున్నారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పండు అది. లేత కాయలో పిండి పూర్తిగా చేరలేదు. ఏ వాయువు పెట్టినా, గోడ విప్పుకోవడం నేర్చుకుని ఉండొచ్చు గానీ చక్కెర ఎక్కడి నుంచి తెస్తుంది? పైన పసుపు, లోపల చప్పన. మొక్క లెక్క చూడండి ఎంత కచ్చితమో. లోపల విత్తనం ముదిరాకే గుజ్జు మెత్తబడాలి. పక్షో, గబ్బిలమో, మనిషో తిని విత్తనాన్ని దూరంగా వేయాలి కదా, అది ముదరకముందే పంచిపెడితే దానికేం లాభం? కాయ ముదిరిందా లేదా చూడాలంటే నీళ్లలో వేయండి. నిండిన మామిడికాయ చాలావరకు మునుగుతుంది, లేతది తేలుతుంది. తొడిమ పక్కన భుజాలు లేచాయా చూడండి. ఒక కాయ కోసి టెంక గట్టిపడిందా, గుజ్జు పసుపు తిరిగిందా చూడండి.

ప్రశ్నలు అడగండి.

కర్నూలు వైపు నుంచి వచ్చిన అన్న టమోటా అడుగు నల్లబడుతోందని అడిగారు. పూత రాలిన చోట గుండ్రంగా నల్లగా, తోలులా అవుతుంది, అదే కదా? అది మాగడం వల్ల కాదు, ముందే కాల్షియం అందక కణాలు చచ్చిపోవడం. భూమిలో సున్నం లేదని పరుగెత్తకండి, మన నేలల్లో చాలాచోట్ల ఉంటుంది. కాల్షియం నీటితోపాటే పైకి పోతుంది, నీళ్లు ఎక్కువ లాగేవి ఆకులు, కాయ చాలా తక్కువ లాగుతుంది. వారం ఎండబెట్టి ఒకేరోజు ముంచేస్తే కాయ చివరి దాకా కాల్షియం చేరదు. డ్రిప్‌తో రోజూ కొంచెం కొంచెం ఇవ్వండి. కాయ పిందెగా ఉన్నప్పుడే చూసుకోవాలి, నల్లబడ్డాక చేసేదేమీ లేదు.

ఆ అమ్మాయి అడిగింది, ఇథిలీన్‌ను ఆపే మందు లేదా అని. ఉంది. ఒన్ ఎంసీపీ అంటారు. కణంలో ఇథిలీన్ వెళ్లి కూర్చునే చోట ఇది ముందే పోయి కూర్చుంటుంది, కాయకు కబురు అందదు. అమెరికాలో నార్త్ కరోలినాలో సిస్లర్, బ్లాంకెన్‌షిప్ అనే ఇద్దరు కనిపెట్టారు, 1996లో పేటెంట్ వచ్చింది. ఆపిల్‌కు బాగా పనికొస్తోంది, ఆపిల్‌ను గట్టిగానే తింటాం కాబట్టి. అరటికి కష్టం. మోతాదు కాస్త ఎక్కువైనా, వేళ తప్పినా, కొన్ని కాయలు పండి కొన్ని పండకుండా ఒకే గెలలో రెండు రంగులు వస్తాయి.

చివరి ప్రశ్న ఆ వెనక ఉన్న అమ్మది. జామ జెల్లీ చేస్తే గడ్డకట్టడం లేదు, పండిన జామలే వేస్తున్నాను, ఎందుకని? అందుకే కట్టడం లేదమ్మా. జెల్లీని కట్టేది పెక్టిన్ గొలుసే, పొడుగ్గా ఉంటేనే కడుతుంది. బాగా పండిన జామలో ఎంజైములు దాన్ని ముక్కలు ముక్కలు చేసేశాయి. దోరకాయలు ఎక్కువ, పండినవి కొద్దిగా, అవి వాసన కోసం. దంచకుండా ముక్కలు కోసి ఉడికించి, పిండకుండా గుడ్డలో వడకట్టండి. నిమ్మరసం పిండండి, పులుపు లేకపోతే ఎంత పెక్టిన్ ఉన్నా కట్టదు. చక్కెర తగ్గించకండి, అది నీళ్లను తన వైపు లాక్కుంటేనే గొలుసులు ఒకదానికొకటి దగ్గరవుతాయి.